పైన తీగ

నాకు ముక్కు మీదే కోపం అని మా ఆఫీసులో అందరికీ తెలుసు. ఎందుకు ఉండదు? ఎనిమిదేళ్లుగా నా పని ఏ వీధిలో ఏ చెట్టు నాటాలో తేల్చడం. జనానికి నీడ కావాలి, ఆకులు రాలకూడదు. పువ్వులు కావాలి, తేనెటీగలు రాకూడదు. చెట్టు త్వరగా పెరగాలి, మరీ పెరగకూడదు. వీధిలో తప్పకుండా ఉండాలి కానీ మా గుమ్మం ముందు కాదు, పక్కింటి ముందు. ఇలాంటి అర్జీలు చదివీ చదివీ నా బుర్ర వాచిపోయింది.

నిజానికి చెట్టును ఎంచేది అర్జీలు కాదు, కొలతలు. ప్రతి వీధికీ ఒక కొలతల కాగితం ఉంటుంది. కాలిబాట వెడల్పు ఎంత, మట్టి ఎంత లోతు, నీళ్ల పైపు ఎంత దూరం, పైన అడ్డం ఏముంది. అవన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తే మా జాబితాలోని ముప్పై రెండు రకాల్లో పనికిరానివి పోయి నాలుగైదు మిగులుతాయి. వాటి అసలు పేర్లకి ఎవరికీ నోరు తిరగదు, అందుకని మేం పెట్టుకున్న పేర్లతోనే పిలుస్తాం: పొడుగోడు, గొడుగోడు, బుట్టోడు, ముసుగమ్మ. పైన కరెంటు లైను ఉంటే బుట్టోడితో సరిపెట్టుకోవాలి. ఏమీ లేకపోతే పొడుగోణ్ని పెట్టి వదిలేయొచ్చు, వాడి ఇష్టం వాడిది.

ఆ రోజు ఉదయం మా తమ్ముడు నన్ను బండి మీద ఆఫీసు దగ్గర దింపాడు. వాడూ మా శాఖే, చెట్లెక్కి కొమ్మలు కొట్టే పని. ఆ పనిలో పెట్టించింది నేనే. మా ఇంట్లోనే పై వాటాలో పెళ్లాంతో, కూతురితో ఉంటాడు. భుజానికి తాడు, నడుముకి కొడవలి, మొహాన ఎప్పుడూ ఒక నవ్వు.

"ఇవాళ ఎక్కడరా?" అన్నాను.

"పద్నాలుగో వీధి. కొమ్మలు కాదక్కా, తీగ పీకే పని. పిల్లలాట. పన్నెండు లోపు అయిపోద్ది, వచ్చి నీ డబ్బాలో సగం తినేస్తా."

"నీకు విడిగా కట్టాను కదా, అదెవరు తింటారు?"

"అదీ నేనే," అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

పై అంతస్తు హాల్లో తొమ్మిదిన్నరకి పదిహేనో వీధి వాళ్లతో సమావేశం. వాళ్ల వీధికి ఏ చెట్లో ఇవాళ తేలిపోవాలి. మా అధికారి గారు అప్పటికే పైకి వెళ్లారు. నేను కింద నా గదిలో కూర్చుని జాబితాకి చివరి మెరుగులు దిద్దుతున్నాను. మాకొక నియమం ఉంది, పక్క వీధిలో ఉన్న రకం ఈ వీధిలో నాటకూడదు. ఒకదానికి తెగులు వస్తే రెండు వీధులూ బోసిపోకుండా. పక్కది పద్నాలుగో వీధి. కంప్యూటర్లో చూశాను, పొడుగోళ్లు ఇరవై ఆరు. రెండు వీధులూ కలిసే మూలలో ఎంత చోటు ఉందో కంప్యూటర్లో లేదు. అది పాత కాగితంలోనే ఉంటుంది. రికార్డు గదిలోకి వెళ్లి, దుమ్ము దులిపి, ఆ కాగితం తీశాను.

టేపు మాస్టారి దస్తూరి. ముప్పై ఏళ్లు ఈ ఊరి వీధులన్నీ నడుముకి ఇనప టేపు కట్టుకుని కొలిచిన మనిషి ఆయన, మూడేళ్ల కిందట రిటైరయ్యారు. అక్షరాలు అచ్చు వేసినట్టుంటాయి. ఆయనకొక పట్టుదల, తెలుగు మాట ఉండగా ఇంకో మాట రాయరు. పైపుని గొట్టం అంటారు, ఫుట్‌పాత్‌ని కాలిబాట అంటారు. ఆయన రాసినవి చదువుతూ మేమంతా చాటుగా నవ్వుకునేవాళ్లం.

"కాలిబాట నాలుగడుగులు. గొట్టం తూర్పున ఆరడుగులు. పైన తీగ, స్తంభం నుంచి స్తంభానికి, ఎత్తు ఇరవై రెండడుగులు."

నాకు కావలసిన మూల కొలత ఆ కింద వరసలో ఉంది. అది రాసుకుని కాగితం మడవబోతూ ఆగాను. పాకే తీగకి ఎత్తు కొలవడమేమిటి? స్తంభం నుంచి స్తంభానికి ఏమిటి?

గబగబా నా గదికి వచ్చి పద్నాలుగో వీధి పేజీ మళ్లీ తెరిచాను. పైన అడ్డం: ఏమీ లేదు. ఉన్న మొక్కలు: తీగ. ఎక్కించినవారు: నా పేరు, నా నంబరు. తేదీ ఎనిమిదేళ్ల కిందటిది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి నెల.

ఎలా జరిగిందో అప్పుడు గుర్తొచ్చింది. ఆ నెలలో మూడొందల కాగితాలు నా ముందు పడేసి ఎక్కించమన్నారు. ప్రతి గడికీ తయారుగా కొన్ని మాటలు ఉంటాయి, వాటిలో ఒకటి నొక్కాలి. పైన అడ్డం అనే గడిలో 'కరెంటు లైను' అని ఉంటుంది, తీగ అని ఉండదు. ఉన్న మొక్కలు అనే గడిలో చెట్టు, పొద, తీగ, గడ్డి అని ఉంటాయి. కాగితంలో తీగ కనబడింది, గడిలో తీగ కనబడింది, నొక్కేశాను. పక్కన ఎత్తు ఎందుకు రాశారని ఒక్క క్షణం ఆగలేదు. చేతులు దులుపుకుని తరవాతి కాగితం అందుకున్నాను. పైన ఏమీ లేదు కాబట్టి కంప్యూటరు పొడుగోణ్ని ఎంచింది. ఎనిమిదేళ్లలో పొడుగోడు ముప్పై అడుగులు దాటతాడు.

పొద్దున తమ్ముడు చెప్పిన పని చీటీ తెరిచాను. ఆ వీధి వాళ్లెవరో "చెట్లు తీగలో చిక్కుకున్నాయి, తీసేయించండి" అని ఫిర్యాదు రాశారు. దాన్ని నా రికార్డుతో కలిపి కంప్యూటరే చీటీ తయారు చేసింది.

పని: తీగ తొలగింపు. కరెంటు ఆపడం: అవసరం లేదు.

గడియారం తొమ్మిది నలభై రెండు చూపిస్తోంది. వాళ్లు తొమ్మిదింటికల్లా అక్కడ ఉంటారు. నిచ్చెన దించి, తాడు కట్టి, కింది కొమ్మలు సవరించడానికి అరగంట. ఈపాటికి వాడు ఎక్కుతూ ఉంటాడు.

తమ్ముడికి ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. చెట్టెక్కేటప్పుడు ఫోను వ్యాన్లో అన్నం సంచిలో పడేస్తాడని నాకు తెలుసు. అయినా మళ్లీ చేశాను. వాళ్ల మేస్త్రీకి చేశాను. కింద రంపం యంత్రం నడుస్తుంటే ఆయనకి పిడుగు పడ్డా వినబడదు. నాలుగు సార్లు చేశాను. తరవాత కరెంటు ఆఫీసుకి చేశాను.

"పద్నాలుగో వీధి లైను ఆపండి, ఇప్పుడే," అన్నాను.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు అవతల మనిషి, నిమ్మకు నీరెత్తినట్టు.

చెప్పాను. చెట్టు మీద మనిషి ఉన్నాడని చెప్పాను.

"అలా ఎవరు పడితే వాళ్లు అడిగితే ఆపరమ్మా. ఆ లైను మీద ఆసుపత్రి ఉంది. మీ అధికారి గారితో మా ఇంజనీరు గారికి చెప్పించండి, రెండు నిమిషాల పని."

నా జన్మలో అన్ని మెట్లు అంత వేగంగా ఎప్పుడూ ఎక్కలేదు. కాగితం చేతిలో నలిగిపోతోంది.

హాలు నిండా జనం. తెరమీద నేను తయారు చేసిన జాబితా ఉంది. ఒక పెద్దాయన నిలబడి తన కారు మీద ఏ చెట్టు జిగురు కారదో చెప్పమని అధికారి గారిని నిలదీస్తున్నాడు. వెనక వరసలోంచి ఒకావిడ, "కారు లోపల పెట్టుకోండి, బాబుగారూ. మాకు నీడ కావాలి," అంటోంది. కొందరు నవ్వుతున్నారు. మామూలు రోజైతే నేనూ ఆ తగువులో ఒక చెయ్యి వేసేదాన్ని. నేరుగా అధికారి గారి దగ్గరికి వెళ్లాను.

"సార్, పద్నాలుగో వీధి కరెంటు ఆపించండి. మా తమ్ముడు చెట్టు మీద ఉన్నాడు."

ఆయన మంచివాడే. కానీ ఏదైనా కళ్లతో చూస్తే తప్ప నమ్మడు. ముందున్న కంప్యూటర్లో పద్నాలుగో వీధి తెరిచాడు.

"అక్కడ లైను లేదుగా? పైన ఏమీ లేదని ఉంది."

"రికార్డు తప్పు సార్."

"ఎక్కించింది మీరేగా," అని నా పేరు మీద వేలు పెట్టి చూపించాడు. "మీ రికార్డు తప్పెలా అవుద్ది? ఈ శాఖలో నేను రెండోసారి చూసుకోకుండా సంతకం పెట్టేది మీ కాగితాల మీదే."

ఇంకో రోజు ఆ మాట అని ఉంటే వారం రోజులు పొంగిపోయేదాన్ని. ఇప్పుడు కాగితం బల్ల మీద పరిచి తీగ అనే మాట చూపించాను.

"తీగ అనేగా ఉంది? ఇక్కడా తీగే ఉంది. సరిపోయింది కదా?"

"తీగ అంటే కరెంటు తీగ," అని మూడో వరసలోంచి ఒక గొంతు.

టేపు మాస్టారు. ఆయన ఇల్లు పదిహేనో వీధిలోనే, అందుకని వచ్చారు. మెల్లగా లేచి నిలబడ్డారు. "నేనే కొలిచాను. ఇరవై రెండడుగుల ఎత్తు. రెండు వైపులా స్తంభాలున్నాయి. ముందు ఫోన్ చేయండి, బాబూ."

"మరి రికార్డులోకి ఇలా ఎలా వచ్చింది?" అన్నాడు అధికారి, ఫోను తీస్తూనే నా వంక చూసి.

అరవై మంది ముందు అడిగాడు. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది, ఇప్పటికీ చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది: "మాస్టారు అలా రాశారు సార్."

అబద్ధం కాదు. అంతకన్నా పనికిమాలిన నిజం నేను ఎన్నడూ మాట్లాడలేదు. మాస్టారు నా మొహంలోకి ఒక్కసారి చూశారు. ఆయనకి అర్థమైంది. "అవును, నా రాతే తికమక పెట్టి ఉంటుంది. తప్పు నాదే అని రాసుకోండి. కానివ్వండి, ఫోన్ చేయండి," అన్నారు.

అధికారి ఇంజనీరుతో మాట్లాడాడు. వీధి పేరు రెండుసార్లు చెప్పాడు. "ఎంత సేపు?" అన్నాడు. ఫోను దించి, "నాలుగైదు నిమిషాలంట. ఆసుపత్రిని వేరే లైనుకి మార్చి ఆపాలంట," అన్నాడు. గడియారం తొమ్మిది యాభై ఒకటి. అంటే నేను కాగితం చూసి తొమ్మిది నిమిషాలైంది, అందులో ఒక నిమిషం నా పరువు కాపాడుకోవడానికే పోయింది.

ఆఫీసు జీపు ఎక్కాను. మాస్టారు నన్నడక్కుండానే వెనక ఎక్కి కూర్చున్నారు. డ్రైవరు హారను మీద నుంచి చెయ్యి తీయలేదు. నేను మేస్త్రీకి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ప్రతిసారీ మోగి మోగి ఆగిపోతోంది. దారంతా చెట్లే, ఎక్కువభాగం నేను నాటించినవే. ఎర్ర దీపం దగ్గర ఆగినప్పుడు పైకి చూశాను. గొడుగోడి ఆకుల మధ్య నుంచి ఏదో నల్లగా పోతోంది. అది కొమ్మో తీగో నాకు అర్థం కాలేదు.

"మాస్టారూ," అన్నాను వెనక్కి తిరక్కుండా.

"తరవాతమ్మా," అన్నారు ఆయన. "ముందు పిల్లాడు."

ముప్పై ఒక్క ఏళ్ల వాణ్ని పిల్లాడు అనేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

పద్నాలుగో వీధి మలుపు తిరిగేసరికి రంపం చప్పుడు లేదు. అది మంచికో చెడుకో తెలియలేదు. ఇళ్ల ముందు మనుషులు నిలబడి పైకి చూస్తున్నారు. నాలుగో చెట్టు కింద వ్యాను. నిచ్చెన చెట్టుకి ఆనించి ఉంది, దాని మీద ఎవరూ లేరు. నేల మీద పసుపుపచ్చ హెల్మెటు ఒకటి బోర్లాపడి ఉంది.

జీపు ఆగకుండానే దూకాను. మోకాలు చీరుకుంది. "ఏడీ?" అన్నాను మేస్త్రీని చూసి.

మేస్త్రీ వేలు పైకి చూపించాడు. ఆకుల్లోంచి ముందు ఒక చెప్పు, తరవాత రెండో చెప్పు కనబడ్డాయి. రెండూ ఊగుతున్నాయి. పొడుగోడి కొమ్మ మీద గట్టు మీద కూర్చున్నట్టు కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు మా తమ్ముడు. చేతిలో కొడవలి. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

"ఏమీ ముట్టుకోకుండా దిగు," అన్నాను. "దిగరా."

తాడు పట్టుకుని దిగాడు. దిగాక వాణ్ని కౌగిలించుకోవాల్సింది, వీపు మీద ఒకటి చరిచాను. ఆ తరవాత చొక్కా పట్టుకుని వదల్లేదు.

"కరెంటు పోయిందక్కా," అన్నాడు. నవ్వుదామని చూశాడు, కుదరలేదు. "పైన నిజంగానే తీగ ఉంది. పాకే తీగ, ఇంత మందాన. సగం పీకాను. ఇంకాస్త గట్టిగా ఉన్న చోట కొడవలి ఎత్తాను. అప్పుడే ఈ ఇంటి బాల్కనీలో ఫ్యాను ఆగిపోయింది. లోపల ఆవిడ కరెంటు వాళ్లని తిడుతోంది. నవ్వొచ్చి ఆగాను. ఆవిడ తిట్లు అయిపోయాక వేశాను. ఠంగుమంది. ఉలిక్కిపడితే హెల్మెటు జారి కింద పడింది. పాకే తీగ లోపల ఇంకో తీగ ఉందక్కా."

కొడవలి నాకు చూపించాడు. అంచు మీద గోరంత సొట్ట. నేను దాన్ని వేలితో తడిమాను. ఆవిడ ఎవరో, ఆవిడ తిట్లు చల్లగా ఉండాలి అనుకున్నాను.

అప్పటికి నా కోపం నాకు తిరిగొచ్చింది. భయం పోతే నాకు వచ్చేది అదే. "ఎక్కేముందు పైకి చూసుకోవాలని తెలీదా? ఏడేళ్ల నుంచి ఎక్కుతున్నావు. స్తంభం అక్కడే ఉంది కదరా, ఆకుల్లో. కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు?"

"నేను చెప్పానమ్మా," అన్నాడు మేస్త్రీ, తల వంచుకుని. "ఆకులు దట్టంగా ఉన్నాయి, పొడుగు కర్రతో తట్టి చూద్దాం, అవసరమైతే కరెంటోళ్లని పిలుద్దాం అన్నాను. వీడే వద్దన్నాడు."

"ఎందుకు వద్దన్నావు?"

తమ్ముడు జేబులోంచి పని చీటీ తీశాడు. చెమటకి తడిసిపోయింది. కింద చిన్న అక్షరాల్లో ఉన్న చోట బొటనవేలు పెట్టాడు. రికార్డు ఎక్కించినవారు, నా పేరు.

"నీ చీటీ కదక్కా," అన్నాడు. "మా అక్క లేదని రాస్తే లేనట్టే అని మేస్త్రీతో చెప్పి ఎక్కాను. నీ పేరు లేకపోతే కర్ర పెట్టి చూసేవాణ్ని."

మాస్టారు ముందుకి వచ్చారు. "అది నా వల్ల, బాబూ. నేను రాసింది సరిగ్గా..."

"కాదు," అన్నాను. "మాస్టారు సరిగ్గానే రాశారు. పక్కన ఎత్తు కూడా రాశారు. స్తంభాలని కూడా రాశారు. నేను చదవలేదు. చదవకుండా నొక్కేశాను. అరగంట కిందట అందరి ముందూ ఆ తప్పు ఆయన మీదికి తోసేశాను."

వాడు నా మొహంలోకి చూశాడు. చిన్నప్పుడు కూడా వాడు నన్ను అలా చూడలేదు, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. వాడు తల పైకెత్తి వీధి చివరిదాకా ఉన్న చెట్లని ఒక్కొక్కటిగా చూశాడు. తరవాత నెమ్మదిగా అడిగాడు.

"ఆ నెలలో ఎన్ని వీధులు ఎక్కించావక్కా?"

"మూడొందలు."

"తీగ అని ఇంకెన్నింటికి కొట్టావు?"

"తెలీదు."

"వాటిల్లో ఇవాళ ఎవరు ఎక్కారు?"

మేస్త్రీ వ్యాను దగ్గరికి పరిగెత్తాడు, తక్కిన ముఠాల చీటీలు చూడడానికి. నేను అధికారి గారికి ఫోన్ చేశాను. ఈసారి ఒక్క మోతకే ఎత్తారు.

"దొరికాడా?" అన్నారు.

"దిగాడు సార్. ఊరంతటా చెట్లెక్కిన వాళ్లందర్నీ దింపించండి. ఇప్పుడే. ఒక్కరు కూడా పైన ఉండకూడదు."

"ఊరంతటానా? ప్రతి వీధిలోనా? రికార్డులో లైను లేదని ఉన్న చోట కూడానా?"

"ముఖ్యంగా అక్కడే సార్," అన్నాను. "అవి నేను రాసినవి."